స్వామివారి పిల్లి, మా ఇంటి కూడు

మొన్న సాయంత్రం మెట్ల మీద బియ్యం ఉడుకుతున్న వాసన వచ్చింది. మామూలు బియ్యం కాదు, ఇక్కడివాళ్ళు పాయసానికి వాడే గోబిందభోగ్ బియ్యం. కలకత్తా న్యూ టౌన్‌లో మా ఫ్లాట్ మూడో అంతస్తు. లిఫ్టు ఉన్నా, మోకాళ్ళకు మంచిదని డాక్టరు చెప్పాడని నేను మెట్లే ఎక్కుతాను, ఎక్కినంతసేపూ ఆ డాక్టర్ని తిట్టుకుంటాను. ఆ వాసన తగలగానే కాలు మెట్టు మీదే ఆగిపోయింది. అది ఏ ఇంటి వంటా కాదని నాకు వెంటనే తెలిసిపోయింది.

మా ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో అప్పటికే రగడ నడుస్తోంది. ఎవరింట్లో రోజూ పాయసం, మాకో గిన్నె పంపకూడదా అని ఒకావిడ వెటకారం. గ్యాస్ లీకవుతోందేమో చూడండి అని ఇంకొకాయన కంగారు. చివరికి కాపలా అతను నీళ్ళ పైపుల సందు తలుపు తీస్తే, గచ్చు మీద అరచేతిలో పట్టేంత పిల్ల ఒకటి వణుకుతూ కనబడింది. పైన సీలింగు సందులో తల్లి కాపురం పెట్టిందట. అక్కణ్ణించి ఈ పిల్ల జారిపడింది. బెంగాలీలు దాన్ని భామ్ అంటారు. మనం పునుగు పిల్లి అంటాం. ఒంట్లోంచి ఉడికిన బియ్యం వాసన రావడం ఆ జాతి లక్షణం.

దెబ్బతిన్న జంతువుల్ని చూసుకునే వాళ్ళకు ఎవరో ఫోన్ చేస్తే ఒక బెంగాలీ అమ్మాయి వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకుని పిల్లను అటూ ఇటూ తిప్పి చూసింది. దెబ్బలేమీ లేవని, బుట్టలో పెట్టి పైన ఉంచితే తల్లే వచ్చి తీసుకుపోతుందని చెప్పింది. అంతవరకు ఎవరూ ముట్టుకోవద్దు, ఏమీ తినిపించొద్దు అంది. నా మనవరాలు, మా అమ్మాయి కూతురు, నా చెయ్యి పట్టుకుని గుంజుతోంది. "ఒక్కసారి పట్టుకుంటా అమ్మమ్మా, ఒక్కసారే" అని.

"పెరుగన్నం కూడా పెట్టకూడదా?" అని అడిగాను నేను.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. పునుగు పిల్లికి పెరుగన్నం పెట్టేవాళ్ళుంటారని ఆమెకు ఏ చదువులోనూ చెప్పి ఉండరు.

మా చిన్నప్పుడు మేం ఏక్‌బాల్‌పూర్‌లో పెంకుల లైన్లలో ఉండేవాళ్ళం. అయ్య ఓడరేవు డాక్‌లో కలాసీ. శ్రీకాకుళం ఒడ్డున చేపలు పట్టుకునే కులం మాది. సముద్రం తిండి పెట్టడం మానేస్తే ఓడలు పెడతాయని ఇంత దూరం వచ్చాం. లైన్లో సగం మంది మావాళ్ళే, మిగతా సగం బీహారీలు, బెంగాలీలు. లైను వెనక గోనె సంచుల గోదాము ఉండేది. పొద్దున లేస్తే గోనె దుమ్ము వాసన, మధ్యాహ్నం ఎండకు కరిగిన తారు వాసన, సాయంత్రం బొగ్గుల కుంపటి మీద ఎండు నెత్తళ్ళు వేగుతున్న వాసన. ఆ చివరి వాసనకు ఆటలన్నీ ఆగిపోయి పిల్లలందరం ఎవరిళ్ళకు వాళ్ళం పరుగెత్తేవాళ్ళం.

వీటన్నిటి మధ్య, ఒక ఏడు ఎండాకాలంలో, పొద్దుగూకే వేళకు ఈ బియ్యం వాసన మొదలైంది. లైన్లో ఆడవాళ్ళందరికీ అనుమానమే. నెలాఖర్లో పాయసం బియ్యం వండుకునే స్తోమత ఎవరికొచ్చింది? ఒకరి గుమ్మం ముందుకు ఒకరు ఉప్పు కోసమనీ అగ్గిపెట్టె కోసమనీ వెళ్ళి కుండలోకి తొంగి చూసి వచ్చేవారు. మా మామ్మ, అంటే మా అయ్యను కన్నతల్లి, ఆ పని నాకు అప్పజెప్పింది.

"ఎవులింట్లోనో గోవిందుడి బియ్యం ఉడుకుతన్నాయే గుంటా. బేగెల్లి సూసి రా. మనకీ ఓ గిన్నెడు ఎడతారేమో."

నేను లైనంతా తిరిగి వచ్చి, ఎవరింట్లోనూ లేదు మామ్మా అంటే, సరిగ్గా చూడలేదని మళ్ళీ పంపేది.

తర్వాత ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. చైత్రం దాటాక ఈ ఊరి మీద పడే గాలివానల సంగతి ఇక్కడ బతికినవాళ్ళకే తెలుసు. గోదాము రేకులు లేచి మా పెంకుల మీద పడ్డాయి. మా ఇంటి కప్పులోంచి ఆకాశం కనబడింది. అందులోంచి పెంకు ముక్కలతో పాటు బూడిదరంగు పిల్ల ఒకటి సరాసరి మామ్మ చెరుగుతున్న బియ్యం చేటలో పడింది. తెల్లారి రేకులు తీస్తే కింద తల్లి చచ్చిపోయి ఉంది. ఇంకో రెండు పిల్లలు కూడా.

చేటలో పడ్డదాన్ని మామ్మ వాసన చూసింది. చూసి, చేట కింద పెట్టి, రెండు చేతులూ జోడించింది.

"ఓలమ్మో! ఇది పునుగు పిల్లే. సుక్కురోరం అబిసేకమయ్యాక స్వామోరికి పూసేది దీని పునుగే. ఎవులూ ఎంగిలి సేతుల్తో ముట్టుకోకండి."

మామ్మ పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి తిరుపతి వెళ్ళింది. ఆ ఒక్క ప్రయాణం గురించి జీవితమంతా మాట్లాడింది. పునుగు సంగతి ఆమెకు అక్కడ క్యూలో ఎవరో చెప్పారు. తను మళ్ళీ కొండకు రాలేదని, స్వామే తన పిల్లిని ఇంటికి పంపించాడని ఆమె లెక్క. పురిటి బిడ్డను పడుకోబెట్టే చేటలోనే పంపించడం ఆమెకు ఇంకా నచ్చింది.

ఇక మా కష్టాలు మొదలయ్యాయి. స్వామివారి పిల్లి ఉన్న ఇంట్లో నీసు వండకూడదంది. నీసు లేకపోతే మాకు అన్నం అన్నంలాగే ఉండదు. పిల్లికి పాలు, అరటిపండు, పెరుగన్నం, శనివారం బెల్లం వేసిన పొంగలి. అదే మాకూను. డాక్‌లో పగలంతా బరువులు లాగి వచ్చిన అయ్య కంచంలో పెరుగన్నం చూసి దాన్ని వేలితో అటూ ఇటూ తోసేవాడు.

"అమ్మా, పిల్లి స్వామోరిది గానీ కడుపు నాది" అన్నాడొక రోజు. "రెండంటే రెండు నెత్తళ్ళు కాల్సుకుంటాను. అరుగు మీద కూకుని తినీసి నోరు కడుక్కుని వస్తాను."

"అరుగు మీద తింటే వాసన లోపలికి రాదేటి? స్వామోరి పిల్లికి ముక్కు నేదేటి?" అంది మామ్మ.

ఆ పిల్లను నేను ప్రాణంగా చూసుకున్నాను. నా పాత గౌను మడతలో పడుకునేది. నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేస్తే ముక్కు పైకెత్తి నా వైపు పాకేది. నాకు చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ లేరు. నా పిలుపుకు వచ్చే ప్రాణి ప్రపంచంలో అదొక్కటే.

పక్కింటి డాబా మీద పావురాలు పెంచే చాచా ఒకాయన ఉండేవాడు. ఆయన పిట్టగోడ మీంచి వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అమ్మా, ఇది భామ్. పోయినేడు నా పావురాల జంటను తిన్నది దీని అమ్మే. దీనికి నువ్వు పూజ చేస్తున్నావా?"

"స్వామోరి పిల్లి పావురాల్ని తింటాదేటి? నోరు కడుక్కో బాబూ" అంది మామ్మ. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే హిందీ ఏ ఊళ్ళోనూ పుట్టినది కాదు. అయినా తిట్లు మాత్రం ఒకరివి ఒకరికి పూర్తిగా అర్థమయ్యేవి.

వారాలు గడుస్తున్న కొద్దీ పిల్లకు పొట్ట ఉబ్బింది గానీ ఒళ్ళు పెరగలేదు. వీపు మీద బొచ్చు రాలింది. తర్వాత వెనక కాళ్ళు పడిపోయాయి. ముందు కాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకుంటూ రెండడుగులు వచ్చి ఆగిపోయేది. చివరికి అదీ మానేసింది. నేను టక్ టక్‌మంటే చెవులు కదిపేది, అంతే. మామ్మ పాలల్లో తులసాకు వేసింది. ముడుపు కట్టింది. పొంగలిలో బెల్లం ఇంకాస్త వేసింది. ఆమె భక్తి పెరిగిన కొద్దీ అది నీరసించింది. చచ్చిపోతుందని మా అందరికీ తెలుస్తూనే ఉంది, నోరు తెరిచి అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజుల్లోనే నేను ఇంట్లో చెప్పకుండా ఒక ఏర్పాటు చేసుకున్నాను. లైను చివరింట్లో మావాళ్ళే ఒక అప్ప ఉండేది. తల్లి లేని పిల్లనని నా మీద ఆమెకు జాలి. కిరసనాయిలు బుడ్డి తెస్తానని బయల్దేరి వాళ్ళింట్లో దూరితే, వేడన్నం మీద నాలుగు వేయించిన నెత్తళ్ళు పెట్టేది. తిన్నాక బూడిదతో చేతులు తోముకుని, నిమ్మాకు నలిపి రాసుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేదాన్ని.

అలా వచ్చిన ఒక సాయంత్రం పిల్ల పక్కన కూర్చుని దాని ముక్కు మీద వేలు పెట్టాను. అన్ని రోజులుగా తల ఎత్తనిది తల ఎత్తింది. నా వేళ్ళను రెండు ముందు కాళ్ళతో పట్టుకుని నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి, చిన్న పళ్ళతో కొరుకుతూ, నేను చెయ్యి లాక్కుంటుంటే ఒళ్ళంతా ఈడ్చుకుంటూ చేతి వెంట వచ్చింది. దాని గొంతులోంచి నేనెప్పుడూ వినని చప్పుడు వస్తోంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మామ్మ.

"ఏటే, నీ సేతికేటున్నాది?"

"ఏటీ నేదు మామ్మా."

"ఏటీ నేకపోతే అదేల నాకుతన్నాది?"

వచ్చి నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. ఎండు నెత్తళ్ళను నిమ్మాకు దాచగలదని అనుకోవడం నా అమాయకత్వం. పుట్టినప్పట్నించీ ఆ చేపల మధ్య బతికిన మనిషి ఆమె. వీపు బద్దలవుతుందని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే మామ్మ నా చేతిని వదిలేసి, ఆ పిల్ల ఖాళీ గచ్చును నాకుతుంటే చూస్తూ కూలబడి ఉంది.

"ఆకలే తల్లీ నీకు" అంది దానితో. "ఇన్నాళ్ళూ ఆకలే."

లేచి వెళ్ళి గోడ మీది స్వామి పటం ముందు నిలబడింది. మామ్మ దేవుడితో ఎప్పుడూ గట్టిగానే మాట్లాడేది, లైనంతా వినబడేలా. ఆ రోజు మెల్లగా మాట్లాడింది.

"సామీ, నీ కాడికి వచ్చినప్పుడు నువ్వెట్టిందే తింటాది. నా కాడున్నన్నాళ్ళూ మా ఇంటి కూడే తింటాది. మాకు తెలిసిన కూడు అదే. తప్పయితే నా కళ్ళు తీసుకో. దాని కాళ్ళు ఒగ్గీ."

అయ్య డాక్ నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకముందే బజారుకు పొమ్మంది. ఎందుకో విన్నాక అయ్య నడవలేదు, పరుగెత్తాడు. పుంటి చేపలు తెచ్చాడు, మావాళ్ళు పరిగెలంటారే, అవి. మామ్మ వాటిని ముళ్ళతో సహా సన్నికల్లు మీద నూరి వేలితో నోటికి పెట్టింది. పిల్ల ఆమె వేలు కూడా తినేసేలా ఉంది. ఆ పూట మా ఇంట్లో మళ్ళీ చేపల పులుసు కాగింది. అయ్య మూడోసారి అన్నం పెట్టించుకుంటూ స్వామి పటానికి దణ్ణం పెట్టాడు.

రోజూ చేపలు కొనడం మా వల్ల అయ్యే పని కాదు. అప్పుడు ఆదుకున్నది చాచానే. పొదగకుండా మిగిలిపోయిన పావురాల గుడ్లు జేబులో వేసుకుని మెట్లు దిగి వచ్చాడు.

"నా పావురాల్ని తిన్నదాని బిడ్డకి నా చేత్తోనే గుడ్లు పెడుతున్నాను. నా అంత పిచ్చోడు కలకత్తాలో లేడు" అని, ఒక షరతు పెట్టాడు. కాళ్ళు రాగానే దీన్ని ఇక్కణ్ణించి పంపించెయ్యాలి. ఇది గోడెక్కడం మొదలుపెట్టాక ఆయనకు నిద్ర ఉండదు.

మామ్మ ఒప్పుకుంది. నేను ఏడ్చాను. నాకు దాన్ని పంపించడమనేది అర్థం కాలేదు. బతికింది కాబట్టి ఇక మాదే అనుకున్నాను.

కాళ్ళు వచ్చాయి. ముందు వంకరగా నిలబడింది, తర్వాత నడిచింది, వానలు పడేనాటికి మంచం కోళ్ళు పట్టుకుని ఎక్కేస్తోంది. అప్పట్నించీ మామ్మ మారిపోయింది. దానికి చేత్తో పెట్టడం మానేసింది. చేప ముక్కను పెంకుల సందులో దాచేది, గుడ్డును గోనె కింద పెట్టేది. వెతుక్కుని తింటే తిన్నట్టు, లేకపోతే పస్తు. అది వచ్చి కాళ్ళకు రాసుకుంటే చీర కుచ్చెళ్ళు లాక్కుని అవతలికి పోయేది. నన్నూ తాకనిచ్చేది కాదు.

"ఎత్తుకోకే. పిలవకే. మనకి మరిగితే అడివిలో బతకనేదు."

"మనకాడే ఉంటాది కదా మామ్మా!"

"లైన్లో కుక్కలుంటాయి. పిల్లిని కర్రట్టుకుని కొట్టేవోలుంటారు. దాన్ని నానెన్నాల్లు కాస్తానే? నానే ఎన్నాల్లుంటాను?"

సాయంత్రం అది నా ఒళ్ళోకి ఎక్కి కూర్చునేది. నేను రాయిలా కదలకుండా ఉండాలి. నిమరకూడదు, టక్ టక్‌మని పిలవకూడదు. కాసేపు చూసి దిగిపోయేది. ఇన్నేళ్ళలో నాకు చాలా కష్టాలొచ్చాయి గానీ, చేతులు కట్టుకుని కూర్చోవడమంత కష్టం ఇంకోటి నాకు గుర్తు లేదు.

బడ్జ్ బడ్జ్‌లో మామ్మ తమ్ముడు జూట్ మిల్లులో పనిచేసేవాడు. మిల్లు వెనక నది దాకా ఎవరూ పట్టించుకోని తోట ఒకటి ఉందని, ఈతచెట్లు, పనసచెట్లు, ఎలకలు కావలసినన్ని ఉన్నాయని చెప్పాడు. ఒక ఆదివారం మామ్మ, అయ్య, నేను దాన్ని మూతబుట్టలో పెట్టుకుని మాజేర్‌హాట్‌లో లోకల్ రైలెక్కాం. భయానికో ఏమో, అది తన వాసనంతా వదిలింది. పెట్టెంతా పాయసం వాసన. జనం ముక్కులు ఎగబీలుస్తున్నారు. ఎదురుగా కూర్చున్న బెంగాలీ పెద్దమనిషి ఉండబట్టలేక అడిగేశాడు.

"మాసీమా, బుట్టలో పాయేషా?"

"ప్రసాదం బాబూ" అంది మామ్మ.

ఆయన భక్తిగా చెయ్యి చాపాడు. బుట్ట బుస్సుమంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ తర్వాతి స్టేషన్లో దిగి వేరే పెట్టె ఎక్కాడు. ఏడుస్తున్న నేను కూడా నవ్వాను. మామ్మ నవ్వలేదు. రెండు చేతులతో బుట్టను పొదివి పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా తోటలో బుట్ట మూత తీసింది. అది బయటికి వచ్చింది, చుట్టూ వాసన చూసింది, తిరిగి మామ్మ దగ్గరకే పోయింది. చీర పట్టుకుని ఎక్కి ఆమె భుజం మీద, ముడి వెనకాల ఒదిగింది. అయ్య తీయబోతే మామ్మ వద్దంది. మెల్లగా నడిచి ఒక పనసచెట్టుకు భుజం ఆనించి నిలబడింది. చెట్టు మీద ముగ్గిన పండు ఒకటి పగిలి వాసనొస్తోంది. మామ్మ కదల్లేదు. దోమలు కుడుతున్నా కదల్లేదు. ఆమె కూడా ఆ తోటలో ఒక చెట్టయిపోయింది. అది ఆమె తలమీదికి ఎక్కింది, మానును వాసన చూసింది, ముందు ఒక కాలు వేసింది, తర్వాత రెండోది. పడిపోయిన ఆ వెనక కాళ్ళతోనే తన్నుకుని పైకి పోయింది.

కొమ్మల్లోకి పోతున్న తోక కనబడుతోంది. ఒక్కసారి పిలిస్తే వస్తుంది. నాకు తెలుసు, వస్తుంది. నాలుక అంగిలికి ఆనించాను. మామ్మ చెయ్యి వచ్చి నా నోరు మూసింది. చేప వాసన, పసుపు వాసన కలిసిన చెయ్యి.

"ఎల్తున్నోల్ని ఎనకనించి పిలవకూడదే" అంది. "మీ తాత పడవెక్కినప్పుడు నానెప్పుడూ పిలవనేదు. ఆకరి రోజూ పిలవనేదు."

తాత సముద్రం మీద పోయాడని నాకు తెలుసు. ఆ మాట మామ్మ నోట వినడం అదొక్కసారే. నా నోటి మీది చెయ్యి తడిగా ఉంది. నా కన్నీళ్ళే అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మామ్మకు ఒడ్డు మీద బెంగ పుట్టింది. తన ఊరి ఇసకలోనే పోతానని మొండికేసింది. అయ్య ఆమెను తీసుకుని హౌరాలో రైలెక్కాడు. నేను లైను చివరింటి అప్పతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. పెట్టెలోకి ఎక్కుతున్న ఆమె వీపు, ముడి, ఆ భుజం కనబడుతున్నాయి. పిలవడానికి నోరు తెరిచాను. పిలవలేదు. ఆమే నేర్పింది కదా. ఆమె కూడా వెనక్కి తిరగలేదు. మళ్ళీ కలకత్తా రాలేదు.

చాచా ముందు పోయాడు, పావురాలు ఆ తర్వాత. లైన్లు పడగొట్టేశారు. డాక్‌లో అయ్య చేసిన పని ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి. గోనె దుమ్ము వాసన తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో నాకు తెలిసి నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ. నా మనవరాలికి ఎండు నెత్తళ్ళ వాసన వస్తే ముక్కు మూసుకుంటుంది.

మొన్న చీకట్లు ముసురుతుండగా, ఆ అమ్మాయి చెప్పినట్టే, తల్లి వచ్చింది. మేం మెట్ల మలుపులో దూరంగా నక్కి చూస్తున్నాం. పైపు మీద నడిచి వచ్చి, బుట్టలో తల పెట్టి, పిల్లను మెడ దగ్గర కరుచుకుంది. తిరిగి పైకి ఎక్కుతోంది. నా మనవరాలు నాలుకతో చిన్నగా టక్‌మంది. దానికెవరు నేర్పారో! నా చెయ్యి దానంతటదే వెళ్ళి మనవరాలి నోరు మూసింది.

"ఎందుకమ్మమ్మా?" అంది చెయ్యి తీశాక.

"వెళ్తున్నవాళ్ళను వెనకనుంచి పిలవకూడదు."

"పిలిస్తే ఏమవుతుంది?"

కీడు జరుగుతుందంటారు అని చెప్పాను. అది నమ్మలేదు, నవ్వుకుంటూ ఇంట్లోకి పరుగెత్తింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. మోకాళ్ళు లేవనివ్వలేదని ఇంట్లో చెప్పుకోవచ్చు. తల్లీ పిల్లా పోయినా మెట్ల నిండా బియ్యం ఉడుకుతున్న వాసన అలాగే ఉంది. వెళ్ళవలసినవాళ్ళందరూ ఎప్పుడో వెళ్ళిపోయారు, ఇప్పుడు పిలిచినా ఎవరికీ ఏ కీడూ రాదు అనుకున్నాను. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని చూసుకుని, "మామ్మా" అని పిలిచాను.